వెనక బెంచీ పంతులమ్మ

అమరేందర్ సార్ గొంతు తగ్గించి, కళ్లు పెద్దవి చేసి, "అప్పుడు... ఆ తలుపు... దానంతటదే తెరుచుకుంది!" అనేసరికి వెనక బెంచీ మీద యాదలక్ష్మికి ఆవులింత వచ్చింది.

ఆపుకుందామని కూడా చూడలేదు.

క్లాసంతా వెనక్కి తిరిగింది. సారు పుస్తకం మూశాడు.

"టీచరమ్మా, పిల్లల ముంగట జర భయపడ్డట్టన్న ఉండరాదా?"

"దేనికి సార్? ఆ తలుపుకు బేడం సక్కగ పడలే, గాలికి తెరుసుకుంది. గంతే గదా."

పిల్లలు పగలబడి నవ్వారు.

పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కావొస్తోంది. నల్లగొండలో ఆ హైస్కూలుకు ఉర్దూ బోర్డు దిగి తెలుగు బోర్డు ఎక్కింది. పై క్లాసులో ముప్పై మంది మగపిల్లల నడుమ ఆరుగురు ఆడపిల్లలు చేరారు. మగ పంతులు పాఠం చెప్పేటప్పుడు వాళ్లకు తోడుగా తెలుగు పంతులమ్మ యాదలక్ష్మి వెనక కూర్చోవాలని హెడ్మాస్టర్ హుకుం. అలా రోజుకో గంట ఆమెకు ఆ ఇంగ్లీషు దయ్యాల నవల వినే శిక్ష పడింది.

పాడుబడ్డ కోట. కోటలో ఓ దొర. దొర బంధించిన పిల్ల. ఆ పిల్లకు మూర్ఛపోవడం తప్ప ఇంకో పని లేదు. ఇప్పటికి పదకొండుసార్లు పోయింది. హైదరాబాదులో చదువుకొచ్చి, ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని, దయ్యంలా మూలిగి చూపించే ఈ మనిషికి సర్కారు ఉద్యోగం ఎలా ఇచ్చిందో యాదలక్ష్మికి అంతుపట్టలేదు.

ఒక సాయంత్రం బడి విడిచాక వాన పట్టుకుంది. వరండాలో ఇద్దరే చిక్కుకుపోయారు.

"నా పాఠం మీకు నచ్చది గదా?" అన్నాడాయన.

"ఆ పిల్ల నచ్చది సార్. తలుపేస్తె చాలు, పడిపోతది. మా కట్టంగూరు దిక్కు ఊరూరికి ఓ దొర గడీ ఉంటుండె. గొర్రెపిల్లను ఇయ్యనన్నదని మా మేనత్తను గడీ అర్రల ఏసి మూడు దినాలు తాళం పెట్టిండ్రు. ఆమె మూర్ఛపోలే. తలుపు చెక్క ఊడబీక్కోని బయటికొచ్చింది."

నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు. చూరు నీళ్లు భుజం మీద పడుతున్నా పక్కకు జరగలేదు.

"గట్లయితె పిల్లలను నేనేం అడగాలె?"

"దయ్యం సంగతి ఇడిసిపెట్టుండ్రి. మీ ఊర్ల ఏ అర్రను చూస్తె భయమైతదో రాయమనుండ్రి. ఇంగ్లీషు అదే వస్తది."

ఆయన తల ఊపి, వానలోనే దిగి వెళ్లిపోయాడు. తిక్క మనిషి, అనుకుంది యాదలక్ష్మి. అనుకుంటూనే ఆయన మూల తిరిగేదాకా చూసింది.

మర్నాడు ఆయన అదే ప్రశ్న ఇచ్చాడు. జానమ్మ అనే పిల్ల తప్పులతడక ఇంగ్లీషులో రాసింది: 'ఆ అర్రలో దయ్యం లేదు. తాళంచెవి పట్టుకున్న దొర ఉన్నాడు.' సారు దాన్ని పైకి చదివాడు. వెనక బెంచీ మీద యాదలక్ష్మి తల దించుకుంది.

వారం తిరగకముందే ఆ కాగితం స్కూలు కమిటీలోని ఓ దొర చేతికి చేరింది. రైతుల ఉద్యమానికి భయపడి ఊరొదిలి పారిపోయి, మిలిటరీ వెనకాల తిరిగొచ్చిన మనిషి. హెడ్మాస్టర్ గదిలో కూర్చుని అరుస్తున్నాడు.

"ఇది మా గడీ మీద రాసిందే! నీ పంతులు సంగం మనిషి. పోలీసులకు పట్టిస్త!"

ఆ రోజుల్లో సంగమంటే కమ్యూనిస్టులే; ఆ ఒక్క మాట చాలు, మనిషి జైల్లో ఉండేవాడు. బల్ల ముందు నిలబడ్డ అమరేందర్‌ను చూసి యాదలక్ష్మి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఈ ప్రశ్న ఇయ్యమని ఎవరన్న చెప్పిండ్రా?" హెడ్మాస్టర్ అడిగాడు.

"ఎవరు చెప్పలే సార్. నాకే తోచింది," అన్నాడు అమరేందర్.

దయ్యాల కథకు వణికే ఆ గొంతు ఇప్పుడు కొంచెం కూడా వణకలేదు. యాదలక్ష్మి తిన్నగా లోపలికి నడిచింది.

"అబద్ధం. ఆ ప్రశ్న నాది."

"నువ్వెవరు?" అన్నాడు దొర.

"తెలుగు పంతులమ్మను. ఆ కాగితంల ఊరి పేరుందా దొరా?"

"లేదు."

"దొర పేరు?"

"లేదు. అయితే ఏంది?"

"ఇంగ్లీషు కోట పాఠం చదివి చిన్నపిల్ల రాసుకుంది. ఊరు లేదు, పేరు లేదు. మరి అది మీ గడీయేనని మీకెట్ల ఎరుకాయె?"

హెడ్మాస్టర్ దగ్గు వచ్చినట్టు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దొర మొహం కందగడ్డయింది. ఫిర్యాదు చేస్తే తన గడీలో అలాంటి అర్ర ఉందని తనే ఒప్పుకున్నట్టు. కాగితం బల్ల మీద విసిరికొట్టి లేచిపోయాడు.

జైలు తప్పింది గానీ పగ తప్పలేదు. పది రోజుల్లో అమరేందర్‌కు పాలమూరు జిల్లా ఆత్మకూరుకు బదిలీ అయింది.

బస్సు దగ్గరికి యాదలక్ష్మి వచ్చింది. వెంట తండ్రి కిష్టయ్య, భుజాన గొంగడి. కూతురు ఊరికే కబురు పెట్టదని ఆయనకు తెలుసు.

అమరేందర్ గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా... నా మనసనే చీకటి కోటల... ఒక దీపం లెక్క..."

"నవల బంద్ చేసి సాఫ్‌గ చెప్పుండ్రి సార్. బస్సు పోతది."

"నన్ను చేసుకుంటరా?"

"అది మా బాపును అడుగు," అన్నది. నువ్వు అనడం అదే మొదలు. అనేశాక మొహం పక్కకు తిప్పుకుంది.

కిష్టయ్య ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "మా బిడ్డ నోటితోని వేగుతవా పంతులూ?"

"మూడు నెలలసంది వేగుతున్న మామా."

"అప్పుడే మామ అనవడితివి!" అని ఆయన పెద్దగా నవ్వి, తన గొంగడి తీసి అమరేందర్ షేర్వాణీ మీద కప్పాడు. "దారిల వాన కొడ్తది. ఉంచుకో."

మరుసటి వారం యాదలక్ష్మి ఆత్మకూరుకు బదిలీ కోరుతూ దర్ఖాస్తు ఇచ్చింది. హెడ్మాస్టర్ కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"కారణం రాయలేదేందమ్మా?"

"తెల్వనట్టే అడుగుతున్నరు!" అని కాగితం లాక్కుని, 'పెండ్లి' అని రాసింది. ఎంత పెద్ద అక్షరాలతో రాసిందంటే, కింద ఆయన సంతకానికి జాగా మిగల్లేదు.