అంబలి కుండ మీద అభియోగం

మానవజాతి చరిత్రను రెండు యుగాలుగా విభజించవలసి ఉంటుంది: ఉల్లిపాయను ఊరికే కొరికిన యుగం, అనుమతి పొంది కొరికిన యుగం. సూరాడ గంగులమ్మ రెండో యుగంలో పుట్టి కూడా మొదటి యుగంలోనే బతుకుతున్నదని ప్రభుత్వానికి ఫిర్యాదు అందింది.

విచారణకై శుద్ధి పరిశీలకుడు కమలాకరం ఆ ఉదయం నీలిరేవు తీరానికి వచ్చేసరికి, ఆమె మోకాలిలోతు నీళ్లలో నిలబడి తన ఉద్యోగం తాను చేసుకుంటున్నది. గుర్రపునాడా పీతలనుంచి నెత్తురు తీసే కేంద్రం అక్కడుంది; తీశాక వాటిని దాని యంత్రం తిరిగి సముద్రపుటంచున దొర్లిస్తుంది. వాటిలో సగం వెల్లకిలా పడి, కాళ్లన్నీ గాలిలో ఆడిస్తుంటాయి. ఎండెక్కితే చచ్చిపోతాయి. తోక పట్టి లాగితే దెబ్బ తింటాయి గనుక, డిప్ప అంచు పట్టి బోర్లించాలి. ముప్పై ఏళ్లు అదే పని చేయడంవల్ల గంగులమ్మకు ఒక అలవాటు అబ్బింది. ఏది చేతికొచ్చినా ముందు తిరగేసి కడుపు చూస్తుంది. పళ్లెమైనా, చెప్పైనా సరే. పెద్ద అధికారి బహూకరించిన ప్రశంసాపత్రాన్ని కూడా, సభలోనే, అలాగే చూసింది.

నాడాపీత మహిమను బడిలో పద్యాలుగా వల్లె వేయిస్తారు. పేరుకే పీతగాని, అది సాలీడుకూ తేలుకూ దాయాది. నలభై కోట్ల ఏళ్లకు పైగా రూపం పెద్దగా మార్చుకోలేదు. మార్చుకోమని అడిగే ధైర్యం ఎవరికీ కలగలేదు కాబోలు. నెత్తురులో ఇనుముకు బదులు రాగి ఉండడంచేత అది నీలంగా ఉంటుంది. సూక్ష్మజీవుల విషం సోకితే గడ్డకట్టి దాన్ని అక్కడే బంధిస్తుంది. ఆ నెత్తురు సారాన్ని బొటనవేలంత గాజుబిళ్లలో నింపితే నీలిసాక్షి అయింది. అరవై ఏళ్లుగా దాని సమ్మతి లేనిదే దేశంలో ముద్ద నోటికి పోదు. ద్రవం పారితే భోజనం, పేరుకుంటే నేరం. వేళ్లు తగిలిన అన్నం ఎన్నడూ పరీక్ష నెగ్గలేదు గనుక, ఒకరి చేత్తో ఒకరికి తినిపించడం అనేది నిఘంటువులకే పరిమితమైంది. కమలాకరం దంపతులు పెళ్లినాటినుంచీ వేర్వేరు బల్లల దగ్గర, వేర్వేరు సాక్షుల సమక్షంలో భోంచేస్తున్నారు. అందుకు వారికి పతకం వచ్చింది.

“కుండ ఎక్కడమ్మా?” అన్నాడతడు.

“పందిరి కింద ఉంది బావూ. దాసీడానికి అదేటి దొంగసరుకా?”

చోడిపిండి అంబలి కుండ అది. రోజూ అడుగున గరిటెడు మిగిల్చి, మర్నాటిది దానిమీదే పోసి పులియబెడతారు. ఆ గరిటెడు పులుపు ఆమె అమ్మమ్మనాటిది. పరీక్ష తప్పిన కుండను అక్కడికక్కడే పగలగొట్టాలనీ, తాగినవారిని నలభై రోజులు వెలిగదిలో ఉంచాలనీ చట్టం.

కమలాకరం నీలిసాక్షిలో ఒక అంబలి చుక్క వేశాడు. ద్రవం మీగడలా పేరుకుంది.

“విషం,” అని ప్రకటించాడు.

“మాయమ్మ తొంబై రెండేళ్లు తాగింది ఈ ఇసాన్ని. ఆకరికి కొబ్బరికాయ నెత్తిన పడి పోయింది.”

“అది లెక్కలోకి రాదు. పక్కకు జరగండి.” ప్రభుత్వముద్ర గల చిన్న సుత్తి తీశాడు.

గంగులమ్మ కుండను ఒళ్లోకి తీసుకుని ఇసుకలో చతికిలబడింది. “కొట్టు. ముందు నా మోకాలు, తరవాత కుండ.” కొబ్బరిచిప్పతో ముంచి గటగటా తాగింది. “నానూ నేరస్తురాల్నే. రాసుకో.”

నెత్తురు తీసే గదినుంచి ఆమె మరిది ఎర్రయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “వదినా, నాకూ పొయ్యి.”

“నలభై రోజులు లోపల ఉంటావు,” అని హెచ్చరించాడు కమలాకరం.

“అలగే. పీతల్ని నువ్వు సూసుకుంటావేటి? నీ వాలకం సూత్తే తోక పట్టీసుకునేలాగున్నావు!”

చుట్టూ మూగిన పనివాళ్లలో నవ్వులు లేచాయి. ఎర్రయ్య వెనుక మరొకరు, ఆ వెనుక ఇంకొకరు. పొద్దుటి వంతు పనివాళ్లు ముప్పైమందీ ఒకే చిప్పతో తాగారు. చట్టం రాసిన మేధావులు దీన్ని ఊహించలేదు. నీలిరేవులో వెలిగది ఒక్కటే, అందులో చీపుళ్లున్నాయి.

గంగులమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. “పొద్దున్నేటి తిన్నావు?”

“పరీక్షించినది.”

“రుసి అడిగినాను.”

కమలాకరం చేతిలోని నీలిసాక్షి కేసి చూశాడు. ఆమె అడుగునున్న చిక్కటి అంబలిని వేళ్లతో తీసి అతని నోటిముందు పట్టింది. అతనికి పతకం గుర్తొచ్చింది, భార్య బల్ల గుర్తొచ్చింది. జన్మలో ఎవరి చెయ్యీ అంత దగ్గరికి రాలేదు. మరణానికి సిద్ధపడి, కళ్లు మూసుకుని, నోరు తెరిచాడు. పుల్లగా, కాస్త ఉప్పగా ఉంది. అతడు ఏడ్చాడు. చేతిలోని నీలిసాక్షి జారి కుండలో పడింది.

గంగులమ్మ దాన్ని పైకి తీసి, అలవాటుకొద్దీ తిరగేసింది. కడుపున అంటించిన ప్రభుత్వముద్ర తడికి ఊడి వచ్చింది. కింద చీమతలలంత అక్షరాలు.

“నా కళ్లకి ఆనటం నేదు. సదువు బావూ.”

ముప్పైమంది నేరస్తులూ చెవులు రిక్కించారు. కమలాకరం మూతి తుడుచుకుని పైకే చదివాడు:

“సూదిమందుల పరీక్షకు మాత్రమే. తినే పదార్థాలకు పనికిరాదు.”