ఆరో నంబరు స్టిక్కరు

"ఇంకొక్క మాట మాట్లాడావంటే రేపే మీ పుట్టింటికి పంపించేస్తాను!"

కొడుకు అరుపుకి వంటగదిలో గిన్నెలు కూడా ఉలిక్కిపడ్డాయి. కోడలు నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ, ఒక్క చుక్క కిందపడితే ఒట్టు! అత్తగారు డేగమ్మ మాత్రం తలెత్తకుండా అన్నం కలుపుకుంటోంది. కొడుకు చెవిలో నెలరోజులుగా తను పోసిన విషం ఇవాళ పనిచేసింది. సంతోషంగా ఉండాలి కదా... మరి ముద్ద ఎందుకు దిగడం లేదో ఆవిడకే తెలియలేదు.

అత్తాకోడళ్ళిద్దరూ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పక్కపక్కనే నిలబడతారు. కుట్టు చూసి, బాగున్న చొక్కాకి కాలరు లోపల తమ నంబరు స్టిక్కరు అంటించి బుట్టలో వేయాలి. అత్తగారిది ఆరు, కోడలిది పంతొమ్మిది. ప్యాకింగ్ వాళ్ళకి లోపం కనబడితే ఆ చొక్కా ఎవరి నంబరుంటే వాళ్ళ పేరున వెనక్కొస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆరో నంబరు చొక్కా ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకే ఆవిడకి డేగమ్మ అని పేరు. పంతొమ్మిదో నంబరువి మాత్రం మూడు నెలలుగా కట్టలు కట్టలుగా తిరిగొస్తున్నాయి. కోడలికి ఆ రోజే రెండో హెచ్చరిక కాగితం అందింది. మూడోది అందితే ఉద్యోగం ఊడినట్టే!

"దొంగబుద్ధికి అదే శిక్ష!" అనుకుంది డేగమ్మ. ఎందుకంటే ఆవిడ చూసింది... తన కళ్ళతో తనే చూసింది! మధ్యాహ్నం బెల్లు కొట్టి అందరూ అన్నాలకి వెళ్ళాక, కోడలు పిల్లిలా వెనక్కొచ్చి అత్తగారి బుట్టలో చేతులు పెడుతోంది. ఒకరోజు కాదు, రోజూ! ఇంట్లో మాత్రం తక్కువ తిందా? డేగమ్మ ఏరిన పప్పు మళ్ళీ ఏరుతుంది. డేగమ్మ తోమిన గిన్నె మళ్ళీ తోముతుంది. పైగా ఒకరోజు మెత్తగా, "ఒకసారి కళ్ళు చూపించుకోండి అత్తయ్యా" అంది. ఎంత మాట! ముసలిదాన్ని చేసి మూల కూర్చోబెట్టి, టేబుల్ దగ్గర తన చోటు కాజేసే ఎత్తు కాదూ ఇది? ఆ మాటకి డేగమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. కోడలు మళ్ళీ కళ్ళ ఊసెత్తలేదు.

తన చెడ్డ చొక్కాలు అత్త బుట్టలోకి తోసి, అత్త మంచి చొక్కాలు తను లాక్కుంటోందని ఆవిడ తీర్మానం. అలాగైతే వెనక్కొచ్చేవి అత్తగారివి కావాలి కదా, కోడలివి ఎందుకవుతున్నాయి? అనుమానం అంత దూరం ఆలోచిస్తే ఇక అది అనుమానమే కాదు!

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. డేగమ్మ పట్టి తీరుతానంది. కానీ పట్టాలంటే స్టిక్కర్ల మీద నంబర్లు చదవాలి. అవేమో ఈమధ్య చీమల్లా పాకుతున్నాయి. ఫ్యాక్టరీ వాళ్ళు ఇంకు తగ్గించారని, లైట్లు చవకవి వేశారని ఇన్నాళ్ళూ తిట్టుకుంది. లోపల ఎక్కడో ఇంకో భయం కూడా ఉంది... దాన్ని మాత్రం పైకి రానివ్వలేదు.

సెలవు రోజు, ఎవరికీ చెప్పకుండా, రెండు వీధులు చుట్టు తిరిగి కళ్ళజోళ్ళ షాపుకెళ్ళింది.

"ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు షాపాయన, ఆవిడ ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెడుతూ.

"ఇంట్లోనే ఉంటాను" అని అబద్ధమాడింది డేగమ్మ.

చేతికి అట్టముక్క ఇచ్చాడు. పైనున్న పెద్ద అక్షరాలు గడగడా చదివేసింది. మూడో వరుసకి వచ్చేసరికి చెయ్యి దానంతటదే దూరం జరిగింది. నాలుగో వరుస సొంతంగా కల్పించి చదివింది.

షాపాయన నవ్వాపుకున్నాడు. "అలా లేదమ్మా అక్కడ. చత్వారం వచ్చింది మీకు. నలభై దాటాక అందరికీ వచ్చేదే."

"మా వంశంలోనే లేదు! జోళ్ళు అమ్ముకోడానికి మీరంతా ఇలాగే చెబుతారు. ఏదీ, అద్దాల్లేని ఖాళీ ఫ్రేము పెట్టి చూపించండి, మీ మోసం బయటపడుతుంది!"

ఆయన కోపం తెచ్చుకోలేదు. అద్దాలు తీసేశాడు. అక్షరాలు మళ్ళీ చీమలయ్యాయి. అద్దాలు పెట్టాడు. నాలుగో వరుసే కాదు, అట్ట అడుగున అచ్చువేసిన వాళ్ళ చిరునామా కూడా కనబడింది! తీసి చూపమంది, పెట్టి చూపమంది... మూడుసార్లయ్యాక ఇక ఏ మోసమూ దొరకలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉంటుంది ఇది?" గొంతు తగ్గింది ఆవిడకి.

"ప్లస్ రెండు వచ్చిందమ్మా. ఇంత నంబరు నిన్నా ఇవాళా వచ్చేది కాదు. కొన్నేళ్ళుగా లాక్కొస్తున్నారు. ఈమధ్య మరీ ముదిరి ఉంటుంది."

కొన్నేళ్ళుగా! ఆ మాట గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. అయినా డేగమ్మ దాన్ని అవతలికి నెట్టేసింది. జోడు తీసుకున్నది కోడలిని పట్టుకోడానికి గానీ, తన కళ్ళ కథ వినడానికి కాదు.

మర్నాడు వెనక్కొచ్చిన చొక్కాల కట్ట తెచ్చి పంతొమ్మిదో నంబరు ముందు పడేశారు. "సాయంత్రం సూపర్‌వైజరమ్మ పిలుస్తుందట" అని కూడా చెప్పారు. కోడలు తలొంచుకుంది. అన్నాల బెల్లు కొట్టగానే, కోడలు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన సందు చూసి, డేగమ్మ సంచిలోంచి జోడు తీసి పెట్టుకుని ఆ కట్ట విప్పింది.

మొదటి చొక్కాకి జేబు కుట్టు తప్పింది. కాలరు లోపల స్టిక్కరు, పంతొమ్మిది. "దొరికావు!" అనుకుంది. కానీ స్టిక్కరు అంచు దళసరిగా ఉంది. గోటితో లేపింది. కింద ఇంకో స్టిక్కరు... ఆరు!

ఇంకో చొక్కా తీసింది. పైన పంతొమ్మిది, కింద ఆరు. మూడోది, నాలుగోది, ఐదోది... అన్నిటి కిందా ఆరే! తన బుట్టలోంచి, పొద్దున తనే బాగుందని వేసిన చొక్కా ఒకటి లాగి చూసింది. చంక కింద కుట్టు జానెడు పొడవున విడిపోయి పళ్ళికిలిస్తోంది. భగవంతుడా... ఇది నేను వదిలేశానా?

"అత్తయ్యా!"

కోడలు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడింది.

"ఏమిటే ఇది? ఎన్నాళ్ళ నుంచి?"

"అన్నాల టైములో చూడగలిగినన్ని చూసి బాగుచేయించేదాన్ని అత్తయ్యా... చూడలేకపోయిన వాటి మీద నా నంబరు అంటించేదాన్ని. వెనక్కొస్తే నా పేరున వస్తాయని..."

"నీ ఉద్యోగం పోతుందని తెలియదూ?"

"నాకు ఇంకోచోట దొరుకుతుంది. మీకు... ఇరవై రెండేళ్ళ పేరు కదా అత్తయ్యా అది! ఒకసారి చెబితే మూడు రోజులు అన్నం మానేశారు. మళ్ళీ చెప్పే ధైర్యం రాలేదు."

డేగమ్మ జోడు తీయకుండానే కోడలి మొహం చూసింది. కళ్ళ కింద నల్లటి గుంటలు. బుగ్గలు లోపలికి పోయాయి. మూడు నెలలుగా మధ్యాహ్నం మెతుకు ముట్టకుండా ఇద్దరి పనీ చేసిన పిల్ల మొహం అది! ఈ మూడు నెలలూ పొద్దస్తమానం ఈ పిల్లనే కనిపెట్టి చూసింది తను... ఒక్కసారైనా ఈ మొహం చూడలేదు. దీన్నా నేను దొంగ అన్నది? దీన్నా పుట్టింటికి పంపించమని కొడుక్కి నూరిపోసింది?

ఆ చొక్కాల కట్ట చంకన పెట్టుకుని తిన్నగా సూపర్‌వైజరమ్మ గదిలోకి నడిచింది. వెనకాల కోడలు "వద్దు అత్తయ్యా, వద్దు!" అంటూ పరిగెత్తుకొచ్చింది.

"మేడం, ఇవన్నీ నావి. పై స్టిక్కరు పీకి చూడండి. నాకు చత్వారం. కొన్నేళ్ళ నుంచి ఉందట. రెండు హెచ్చరికలూ నా పేరున రాయండి. ఆ మూడోది కూడా నాకే ఇవ్వండి!"

సూపర్‌వైజరమ్మ ఒక్కొక్క స్టిక్కరూ పీకి చూసింది. "డేగమ్మా... అద్దాలు పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత తెచ్చుకున్నావా?" అంది చివరికి. కోడలి హెచ్చరికలు కొట్టేసింది, మూడోది ఎవరికీ రాయలేదు. కానీ రూలు రూలే! డేగమ్మని చెకింగ్ నుంచి తీసి దారాలు కత్తిరించే టేబుల్‌కి మార్చింది. ఆరో నంబరు స్టిక్కర్ల చుట్ట వెనక్కి ఇచ్చేస్తుంటే లైను లైనంతా పని ఆపి చూసింది. డేగమ్మ ఎవరి చూపూ తప్పించుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కొడుకు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. "పోయిందా ఉద్యోగం?" అన్నాడు పెళ్ళాం వైపైనా చూడకుండా.

"నా టేబుల్ పోయిందిరా. దాని ఉద్యోగానికేం కాలేదు" అని జరిగిందంతా చెప్పింది డేగమ్మ. ఒక్క ముక్క దాచలేదు. చెవిలో తను నూరిపోసినవి కూడా ఒక్కొక్కటే, అబద్ధం అబద్ధం అంటూ తీసేసింది. కొడుకు మొహం పాలిపోయింది.

"అమ్మా... మరి ఇప్పుడు దానికి నేనేం చెప్పను?"

"నీకూ చేతకాదు, నాకూ ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకో."

డేగమ్మ కోడలి దగ్గరకెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్ల కంగారుగా వెనక్కి లాక్కోబోయింది, అత్తగారు వదల్లేదు. ఈ ఇంట్లో తను అత్తగారైనప్పటి నుంచీ ఎవరితోనూ అనని మాట అది. రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది... మూడోసారికి బయటికొచ్చింది.

"తప్పయిపోయిందమ్మా!"

మూడు నెలలుగా ఒక్క చుక్కైనా రాల్చని కోడలు అత్తగారి భుజం మీద తలపెట్టి బావురుమంది.