పైకి చూసిన రాయి

పరిశోధన కోసం కొండరాళ్ళు తొలిచి తీసే డ్రిల్లర్ శవం లావా కొండ దిగువన దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద మరే గాయమూ లేదు.

"రాయి కోసం చంపారు," అన్నాడు చీఫ్, తలుపు మూసి వచ్చి కూర్చుంటూ. "మన జలాంతర్గాములు తిరిగే దారులున్న మైక్రోచిప్ పోయింది. ఆ కొండలో తొలిచిన రాళ్ళలోనే దాచారని అనుమానం."

ఎదురుగా ఉన్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ అత్తగారు అంటారు. ఆమె నోటికి జడిసి పెట్టిన కోడ్‌నేమ్ అది. ఆమె తమ్ముడు ఆ జలాంతర్గాముల్లో ఒకదాంట్లో ఉన్నాడు.

"రాళ్ళెక్కడున్నాయి?"

"ల్యాబులో. విదేశీ శాస్త్రవేత్తల బృందం మధ్యాహ్నం విమానంలో పట్టుకెళ్తోంది. పెట్టెకి దౌత్య సీలు పడితే ఇక మనం ముట్టుకోలేం. లోపల మన ఇంకో ఏజెంటు నెమలి ఉంది. ఆమె చెప్పినట్టు విను. సాక్ష్యం లేకుండా అతిథుల మీద చెయ్యి వేశావో, ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనివ్వండి సార్. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. తమ్ముడు దొరకడు."

అత్తగారు ఆయా వేషంలో ల్యాబు చేరింది. అయస్కాంత కొలతల గదిలోకి ఇనుము రాకూడదు. పిస్టల్‌ని తడిబట్టల బకెట్లో దాచి బయటే వదిలింది. కెమెరా ఉన్న కళ్ళజోడూ, తలపిన్నులూ కూడా తీసేసింది. జుట్టు విరబోసుకుని, చీపురొక్కటే పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది.

ముసలి ప్రొఫెసర్ ఒక్కొక్క రాతి కడ్డీనీ, దాని అయస్కాంత దిక్కు కొలిచే మాగ్నెటోమీటర్‌లో పెడుతున్నాడు. పక్కన విదేశీ బృంద నాయకుడు. ప్రొఫెసర్‌కి అసిస్టెంటుగా నెమలి. పట్టు స్కార్ఫు, ఎర్రటి గోళ్ళు, గదంతా సెంటు.

"లావా చల్లారేటప్పుడు భూమి అయస్కాంతం ఎటుంటే అటే చూస్తూ గడ్డకడుతుంది," అతిథికి వివరిస్తున్నాడు ప్రొఫెసర్. "పొరపొరకీ దిక్కు మారొచ్చు. ఒకే పొరలో పుట్టినవి మాత్రం తోబుట్టువులు. అన్నీ ఒకే వైపు చూడాలి."

అయిదో పొర రాళ్ళలో ఏడు కిందికి చూశాయి. ఎనిమిదోది పైకి చూసింది.

ప్రొఫెసర్ కనుబొమలు ముడిపడ్డాయి. "దీని మీద పైవైపు చూపే బాణం గుర్తు తలకిందులుగా ఉందే?"

"డ్రిల్లర్ తాగి గీసుంటాడు సార్. ప్యాక్ చేసేద్దాం," అంది నెమలి.

"అతను కొండ నుంచి రాయిని విరవకముందే పైవైపు చూసి బాణం గీస్తాడమ్మా. విరిచాక ఏది పైనో, ఏది కిందో దేవుడికి కూడా తెలీదు."

అత్తగారికి విషయం అర్థమైంది. గీసింది డ్రిల్లర్ కాదు. అతన్ని చంపి, రాయిని విరిచి, తొలిచి, చిప్ పెట్టి అతికించాక ఎవరో ఊహించి గీశారు.

చీపురు పక్కన పడేసి ఆ రాయి అందుకుంది.

"చీఫ్ ఆర్డర్ మర్చిపోయావా? సీలు వేయనివ్వు," పళ్ళ బిగువున అంది నెమలి.

"ఆర్డర్ విన్నాను. నచ్చలేదు."

నెమలి స్కార్ఫులోంచి తెల్లటి పింగాణీ కత్తి తీసి ప్రొఫెసర్ మెడకి ఆనించింది. "ఇనుము కాదులే, రూల్ తప్పలేదు. రాయి పెట్టెలో పెట్టు."

నాయకుడి చేతిలో సీలు లక్క కరుగుతోంది. అతను పెట్టె మూత ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరికి పెట్టమంటున్నావే? మా తమ్ముడి ప్రాణం నీకు పార్సిల్ కట్టాలా?"

అంటూనే రాయిని నేలకేసి కొట్టింది. అతుకు దగ్గర రాయి రెండు ముక్కలైంది. చిప్ బయటికి దొర్లింది. నెమలి చూపు ఒక్క క్షణం దాని మీదికి వాలింది. అదే క్షణంలో అత్తగారు బల్ల మీది మరో రాయి ఎత్తి నెమలి మణికట్టు మీదికి విసిరింది. కత్తి ఎగిరిపడింది. నాయకుడు చిప్ కోసం వంగాడు. అప్పటికే దాని మీద అత్తగారి కాలుంది.

"వంగినవాడివి అలాగే ఉండు నాయనా," అంది, గార్డులు పరుగున వచ్చేదాకా.

సాయంత్రం చీఫ్ ఫోను చేశాడు. "ఆర్డర్ ధిక్కరించినందుకు సంజాయిషీ రాసివ్వాలి."

"ఇస్తాను సార్. మా తమ్ముడు ఒడ్డెక్కాక, వాడిచేతే రాయిస్తాను."

ఆమె ల్యాబు నుంచి వెళ్ళబోతుంటే ప్రొఫెసర్ అడ్డొచ్చాడు. మెడకి కట్టు, అరచేతుల్లో ఆమె నెమలి మీదికి విసిరిన రెండో రాయి ముక్కలు.

"ఇది అసలైన రాయే తల్లీ. లక్షల ఏళ్ళు చెక్కుచెదరలేదు. మీ చేతిలో పడ్డాక నిమిషం ఆగలేకపోయింది."