రాత్రి వచ్చి వెళ్ళినవాళ్ళు

టాన్సీ మలిన్స్ మా హాలు తలుపు తోసుకుని వచ్చిన రోజు వాన దంచి కొడుతోంది. గొడుగు లేక నెత్తిన అట్టపెట్టె మూత పెట్టుకుని వచ్చింది. అది తడిసి చెవుల మీదికి వేలాడుతోంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమె చూసింది. మా పరిచయం అలా మొదలైంది.

మాది కెంటకీలో మాజీ సైనికుల హాలు. సాయంత్రాలు ముసలాళ్ళు పేకాడతారు, పగలు నేను సైనికుల తరఫున అప్పీళ్ళు రాస్తాను. పేరు ఎమెట్ కొవాల్స్కీ, పుట్టింది డెట్రాయిట్‌లో. ఆర్మీలో గుమాస్తాగా చేశాను. తుపాకీ కంటే స్టేప్లర్ ఎక్కువ పేల్చానని ఆ తర్వాత టాన్సీ ఊరంతా చాటింది.

ఆమె హెలికాప్టర్ మెకానిక్. మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆర్మీ ఇంటికి పంపేసింది. పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ఆర్ఈ-4 అని కోడ్ కొట్టింది. ఒకటి అంటే మళ్ళీ చేరవచ్చని, నాలుగంటే జన్మలో ఇటు రావద్దని. మనిషికి నంబరు కొట్టడంలో ఉన్న చురుకు ఆ మనిషి మాట వినడంలో కూడా ఉంటే ఆర్మీ ఎప్పుడో బాగుపడేది.

ఆర్మీ డాక్టరుకి ఏం చెప్పారని అడిగాను.

"నిద్ర సరిగ్గా పట్టట్లేదన్నాను. ఇంటి మీద బెంగా అన్నాడు. లేదండీ, మా అమ్మమ్మ రోజూ రాత్రి వచ్చి వెళ్తోందన్నా. వచ్చి ఏమంటుందన్నాడు. సాక్స్ వేసుకోమంటుందన్నా. ఆవిడ ఎక్కడుంటుందన్నాడు. చర్చి వెనకాల పూడ్చామన్నా."

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరిపాను.

"ఆయనా ఇలాగే జరిగాడు," అంది టాన్సీ. "మీరు ఇంకో మూరెడు ఎక్కువ."

కాఫీ చల్లారేలోపు ఆ మహానుభావుడు ఆమెకి పిచ్చని తేల్చేశాడు. నేను తేల్చలేదు గానీ, తలుపు ఎటువైపుందో ఒకసారి చూసుకున్నాను.

సంగతి అర్థమైంది వాళ్ళింట్లోనే. కొండ మీద ఆ ఇంటికి సాక్షుల వాంగ్మూలాల కోసం వెళ్తే, వాళ్ళమ్మ ఐడెల్లా చిక్కుళ్ళ సూపు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. పెడుతూ పెడుతూ కూతురితో, "రాత్రి మీ నాన్న వచ్చాడే, ట్రక్కు ఆయిల్ మార్పించమన్నాడు," అంది. ఆ నాన్న ఎక్కడో ఇండియానా రాష్ట్రంలో లారీ తోలుతున్నాడని దారిలోనే టాన్సీ చెప్పింది.

"రాత్రికి రాత్రి వచ్చి వెళ్ళిపోయారా?" అన్నాను.

ఐడెల్లా నా వైపు జాలిగా చూసింది. "నిద్రలో కాక ఇంకెప్పుడు వస్తాడు బాబూ?"

అదీ సంగతి. ఆ కొండల్లో కల అనే మాట ఎవరూ వాడరు. వచ్చారంటే కలలోకి వచ్చారనే. ఆ ముక్క డాక్టరుకి తెలియదు. అడిగితే తెలిసేది. అడగడం మాత్రం ఆయన చదువులో లేదు.

వేరే డాక్టరు చేత పరీక్ష చేయించాం, ఏ జబ్బూ లేదన్నాడు. ఆర్మీ రికార్డులు సరిదిద్దే బోర్డుకి అప్పీలు రాశాం. రాసినన్నాళ్ళూ తగువే. నా వాక్యాలు చదివి టాన్సీ, "దీనికన్నా హెలికాప్టర్ మాన్యువల్ రసవత్తరంగా ఉంటుంది," అనేది. తను రాసినదాంట్లో స్పెల్లింగు దిద్దితే, "నట్టు బిగించడానికి స్పెల్లింగెందుకు?" అనేది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే ఆ మూతి విరుపు చూస్తూ నేను రాయాల్సిన పేరా మరిచిపోయేవాణ్ణి.

అసలు బాధ వేరే. గెలిస్తే ఆమె మళ్ళీ ఆర్మీకి వెళ్ళిపోతుంది. ఓడితే జీవితమంతా ఆ నాలుగో నంబరుతో ఇక్కడే ఉండిపోతుంది, నా ఎదురుగా, ఏడుపు ముఖంతో. ప్రేమించడానికి నీకు వేరే మనిషే దొరకలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పీలు మాత్రం ఒళ్ళు దాచుకోకుండా రాశాను.

బోర్డు సాధారణంగా కాగితాలు చూసే తేల్చేస్తుంది. మా అదృష్టం కొద్దీ వీడియోలో విచారణ పెట్టింది. తెర మీద ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు ఆవలింతలు మింగుతున్నారు. మధ్యలో చైర్‌పర్సన్, కళ్ళద్దాలావిడ.

"కొండల యాస అని ఇప్పుడంటున్నారు. ఇది తర్వాత అల్లుకున్న కథ కాదని ఎలా నమ్మాలి?" అందావిడ. "మీ అమ్మమ్మ ఇప్పటికీ వస్తోందా?"

లేదు అని చెప్పమని ముందే వంద రకాలుగా చెప్పి ఉంచాను.

"తగ్గింది మేడమ్. ఈమధ్య వేరే మనిషి వస్తున్నాడు," అంది టాన్సీ.

బల్ల కింద ఆమె కాలు తొక్కాను. నా కాలు తిరిగి తొక్కింది. బూటు ఆమెది ఆర్మీది.

"ఎవరు?"

"ఈయనే మేడమ్. బతికే ఉన్నాడు, ఏదో అలా."

ఆవలింతలు ఆగిపోయాయి. చైర్‌పర్సన్ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "మిస్టర్ కొవాల్స్కీ, మీరు రాత్రుళ్ళు వీళ్ళింటికి వెళ్తున్నారా?"

"లేదు మేడమ్."

"మిస్ మలిన్స్, ఆయన నిజంగా రావడం లేదని మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్," అంది టాన్సీ. "అదే కదా నా బాధ."

ఆవిడ మళ్ళీ అద్దాలు పెట్టుకుని ఏదో రాసుకుంది. రాస్తున్నంతసేపూ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటూనే ఉంది. నాకు చెవులు కాలిపోతున్నాయి. టాన్సీ మాత్రం ఇంజన్ శబ్దం వింటున్నట్టు తాపీగా కూర్చుంది.

వానలు వెళ్ళాక తీర్పు వచ్చింది. కోడ్ ఒకటి. ఆర్మీ క్షమాపణ మాత్రం చెప్పలేదు, దానికి కోడ్ ఉన్నట్టు లేదు. ఆమె మళ్ళీ చేరింది, అలాస్కాలో పోస్టింగ్ ఇచ్చారు.

బస్సెక్కే ముందు, "చెప్పేదేమైనా ఉందా?" అంది.

"కాగితాల్లో తప్పులుంటే ఫోన్ చెయ్యి," అన్నాను.

"నువ్వు కలలోనే నయం," అని ఎక్కేసింది. మొదటిసారి కల అన్న మాట వాడింది, నాకు అర్థం కాదేమోనని కాబోలు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, అప్పీళ్ళు రాసే మగాడికి సొంత సంగతి ఒక్క వాక్యం కూడా రాదని తెలుసుకున్నాను.

మళ్ళీ వానాకాలంలో సెలవు మీద వచ్చింది. ఈసారి గొడుగుంది. నేను కాగితం మీంచి తలెత్తలేదు. ఎత్తితే నోరు పెగలదని తెలుసు.

"రాత్రి వచ్చావు," అన్నాను. "రోజూ వస్తున్నావు."

గొడుగు దులపడం ఆగిపోయింది. "ఏమన్నాను?"

"సాక్స్ వేసుకోమన్నావు."

ఆమె వచ్చి వంగి, నా ప్యాంటు అంచు పైకి లాగి చూసింది. ఒకటి నల్లది, ఒకటి నీలం.

"జత చూసుకోమని చెప్పలేదా?"

"లేదు."

"సరే," అంటూ కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. "ఇక నుంచి పగలు కూడా వచ్చి చెప్తాను."