బూటు అంచున నీలిగీత

లేసులు విప్పి విడిగా నానబెట్టాలి. లోపలి అట్టలు బయటికి తియ్యాలి. పొడి బ్రష్‌తో దుమ్మంతా దులిపాకే తడి తగలనివ్వాలి, లేకపోతే ఆ దుమ్మే బురదై గుడ్డలోకి ఇంకుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్తంత సబ్బు చాలు, బ్లీచింగ్ జోలికి పోకూడదు. కడిగాక లోపల తెల్లకాగితం కుక్కి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టాలి. ఇవన్నీ అయ్యాక గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, సాయంత్రం ఆమె వచ్చేసరికి కౌంటర్ దగ్గర అక్క లేకుండా చూసుకోవాలి.

చివరి పని తప్ప అన్నీ జరిగాయి.

"ఏరా, షాపులో ఎవరికైనా పెళ్ళిచూపులా?" అంది అక్క, కుర్చీలోంచి కదలకుండా.

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే పొద్దుట్నుంచీ ఆ ఒక్క జతనే చంటిపిల్లకి నీళ్ళు పోసినట్టు కడుగుతున్నావేం? నీ ఫిజియోదేగా?"

అతను తల వంచుకుని లేసులు ఎక్కించసాగాడు. అదే జవాబని అక్కకు తెలుసు.

వాళ్ళ ఇంట్లో డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. కెమిస్ట్రీ చదివాడు. ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి అక్కతో కలిసి హాస్పిటల్ పక్క సందులో స్నీకర్లు కడిగే షాపు పెట్టాడు. లెక్కలూ మాటలూ అక్కవి, నీళ్ళూ బ్రష్షులూ అతనివి.

హాస్పిటల్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే ఆమె మొదటిసారి వచ్చినప్పుడు పరిచయం గొడవతోనే మొదలైంది.

"వీటిని ఎండలో పెట్టారా?" అన్నాడతను, పసుపెక్కిన రబ్బరు అంచు చూసి.

"తడిసినవి ఎండలో కాక ఫ్రిజ్‌లో పెడతారా?"

"ఇవి జిగురుతో అతికించినవండీ. ఎండకి జిగురు వదిలేస్తుంది, రబ్బరు పాడవుతుంది."

"అబ్బో, మీరు బూట్ల డాక్టరా?"

"మీరు కాళ్ళకి చూస్తారు కదా, నేను కాళ్ళ కిందవాటికి చూస్తాను," అన్నాడు ఆమె మెడలోని హాస్పిటల్ బ్యాడ్జీ చూసి.

ఆమెకు నవ్వాగలేదు. ఆ రోజు నుంచి డ్యూటీ దిగి వెళ్తూ ఏదో ఒక అనుమానంతో షాపు ముందు ఆగేది. టూత్‌పేస్ట్ రుద్దొచ్చా? హెయిర్ డ్రయ్యర్ పెట్టొచ్చా? అడిగిన ప్రశ్నకు జవాబు దొరికినా వెంటనే కదిలేది కాదు. అతనూ జవాబు తొందరగా ముగించేవాడు కాదు.

ఈసారి ఆమె తెచ్చిన తెల్లజత కొత్తదేం కాదు. ఇచ్చేటప్పుడు ఒక్క మాటే అంది. "పైపైన దుమ్ము తీసెయ్యండి, చాలు. తళతళలాడక్కర్లేదు."

తళతళ అన్న మాట వినపడింది గానీ, అక్కర్లేదన్నది అతని చెవికెక్కలేదు. కుడి బూటు రబ్బరు అంచున నీలం పెన్ను గీత ఒకటి, వానపాము పాకినట్టు వంకరటింకరగా ఉంది. సబ్బుకు లొంగలేదు. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాడు. గీత ఆనవాలు లేకుండా పోయింది. అతని ఛాతీ కాస్త ఉబ్బింది.

సాయంత్రం ఆమె బూటు అందుకుని అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఇక్కడో గీత ఉండాలి."

"మొండి మరకండీ. స్పిరిట్ పెట్టి లేపేశాను."

ఆమె ముఖం వాడిపోయింది. "అది మా తాతయ్య గీసింది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మళ్ళీ పెన్ను పట్టుకోగలిగిన రోజు, నేను కాగితం తెచ్చేదాకా ఆగలేక, పక్కనే ఉన్న నా బూటు మీద గీశాడు."

అతను ఆ తెల్లటి అంచు వంక చూశాడు.

"పైపైన చాలన్నాను కదండీ," అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బూట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ఆ సందులోకి రావడం మానేసింది. అక్క కూడా ఎగతాళి మానేసింది.

"ఇంక మన గడప తొక్కదేమో అక్కా."

"అయితే వాళ్ళ గడప నువ్వు తొక్కు."

"వెళ్ళి ఏమని చెప్పను?"

"చేసింది చేసినట్టు చెప్పరా. దానికీ డిగ్రీ కావాలా?"

ఆదివారం మబ్బు పట్టి ఉంది. రశీదు పుస్తకంలోని అడ్రసు పట్టుకుని అతను వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసిన ఆమె "మీరా?" అంది.

"తాతగారికి క్షమాపణ చెప్పాలి. మీకూ చెప్పాలి. ముందు ఆయనకి."

కిటికీ పక్క కుర్చీలో తాతయ్య రబ్బరు బంతి నొక్కుతూ కూర్చున్నాడు. జీవితమంతా దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. గోడ వారగా పాత కుంచెలు, శుభ్రంగా కడిగి ఆరబెట్టినవి, డబ్బాలో నిలబెట్టి ఉన్నాయి.

"గీత చెరిపింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ. మరక అనుకున్నాను. తప్పయిపోయింది."

తాతయ్య కాసేపు అతన్ని చూసి, "మరకే!" అన్నాడు.

"తాతయ్యా!" అంది మనవరాలు.

"నువ్వుండవే. రూళ్ళకర్ర లేకుండా గీత లాగేవాణ్ణి బాబూ నేను. అలాంటివాడి మనవరాలు ఆ వంకర గీత కాలికి తొడుక్కుని, హాస్పిటలంతా తిరిగి 'మా తాతయ్య గీశాడు' అని గొప్పగా చూపిస్తోంది. నా పరువేం కాను?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ సంతోషం చూస్తే నోరు రాలేదే తల్లీ."

ఆమె నేల మీదే, ఆయన కుర్చీ పక్కన కూర్చుండిపోయింది. "అందరి చేతులూ కదిలిస్తాను. నీ చెయ్యి కదలకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ గీత చూసుకుంటేనే నాకు ధైర్యం."

తాతయ్య బంతి వదిలేసి, ఆ చేత్తోనే ఆమె తల నిమిరాడు. నెమ్మదిగా, వేళ్ళు కాస్త వణుకుతూ. "గీత పోయిందని ఏడుస్తావేమే, గీసిన చెయ్యి ఇక్కడుంటే?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అతను అడుగు వెనక్కి వేశాడు, ఇక వెళ్ళడం మర్యాద అనుకుని.

"ఆగు అబ్బాయ్," అన్నాడు తాతయ్య. "మా మనవరాలు పైపైన చాలంటే, నువ్వు స్పిరిట్ దాకా ఎందుకెళ్ళావు? అందరి బూట్లకీ ఇంతేనా?"

అబద్ధం ఆడొచ్చు. మా షాపు పద్ధతి అనొచ్చు.

"లేదండీ," అన్నాడు. "మిగతావాళ్ళవి సబ్బుతోనే ఆపేస్తాను."

బయట చినుకులు మొదలయ్యాయి.

"విన్నావుటే?"

"విన్నాను తాతయ్యా." ఆమె తలెత్తలేదు గానీ చెవుల దాకా ఎర్రబడింది. లేచి, గుమ్మం బయట తడవబోతున్న అతని బూట్లు లోపలికి తెచ్చింది. తెచ్చి, తిప్పి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏవండీ డాక్టరుగారూ, మీవి ఇంత మురికా?"

"ఊళ్ళోవాళ్ళవి కడిగేసరికి..."

"కూర్చోండి. వాన తగ్గేదాకా కదలొద్దు. ముందు పొడి బ్రష్, తర్వాతే తడి. కరెక్టేనా?"

"కరెక్టే," అన్నాడతను. చెప్పినట్టే కూర్చున్నాడు.

వానలు తగ్గాక అక్క ఆమె ఇంటికి వెళ్ళి పెద్దరికంగా పెళ్ళి సంగతి మాట్లాడింది. తాతయ్య సరేనన్నాడు గానీ, పెళ్ళిలోపు షాపుకి బోర్డు తానే రాస్తానని పట్టుబట్టాడు. రోజుకో అక్షరం. అలసిపోతే మనవరాలు చెయ్యి నొక్కేది, అతను కుంచె కడిగి ఇచ్చేవాడు. చివరి అక్షరం పూర్తయ్యాక దూరం జరిగి చూసుకుని, "ఇప్పుడు చూపించుకో అమ్మా, గొప్పగా," అన్నాడు.

బోర్డు రాసేవాళ్ళలో చాలామంది కింద తమ పేరు రాసుకోరు. మీ వీధిలో ఏ దుకాణం మీదైనా చేత్తో రాసిన అక్షరాలు కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. ఆ తాతయ్యను తలుచుకోండి.