చూపులకి కిందపడ్డ ప్రకటన

"ర్యాంకులు వేసేది మీరేనా?"

ఇంటర్నెట్ ప్రకటనల ఆఫీసులో, కంప్యూటర్ ముందు కూర్చున్న అతను తలెత్తాడు. బయట జోరు వాన. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి మీద మాత్రం ఒక్క చుక్క లేదు. గొడుగు గుమ్మం బయటే దులిపి, మడతలు సరిచేసి, బొత్తాం కూడా పెట్టుకుని లోపలికి వచ్చింది. ఇంత కోపంలోనూ ఇంత పద్ధతిగా ఉండేవాళ్ళతో జాగ్రత్తగా మాట్లాడాలనిపించింది అతనికి.

"ర్యాంకులు వేసేది ప్రోగ్రాం అండీ. ఆ ప్రోగ్రాంని చూసుకునేది నేను."

"అయితే మీరే. వాతావరణం పేజీలో మా గొడుగుల రిపేరు షాపు ప్రకటన అట్టడుగున ఉంది. పైన రెయిన్‌కోట్లవాళ్ళు దర్జాగా కూర్చున్నారు. ఒక్కో క్లిక్కుకి మీకిచ్చే డబ్బు పెంచాను, మళ్ళీ పెంచాను. అయినా నన్నెందుకు కిందికి తోశారు?"

"ఎక్కువ ఇస్తానన్నంత మాత్రాన పైన పెట్టమండీ. ముందు ఆ పేజీలో ఏం రాసుందో ప్రోగ్రాం చదువుతుంది. వాన గురించైతే, వానకి సంబంధించిన ప్రకటనలు ఏరుకుంటుంది. తర్వాత, చూసినవాళ్ళలో ఎంతమంది నొక్కుతారో అంచనా వేసి, మీరిస్తానన్నదాన్ని దాంతో గుణిస్తుంది. ఎవరూ నొక్కకపోతే మాకొచ్చేది సున్నాయే కదా."

"మాది ఎందుకు నొక్కరు?"

అతను ప్రకటన తెరిచాడు. 'ఇచ్చట గొడుగులు మరమ్మతు చేయబడును.' పక్కన ఒక పెద్దాయన ఫొటో.

"ఈయన కొంచెం... కోపంగా ఉన్నారు."

"మా నాన్న. అది కోపం కాదు, కళ్ళలో ఎండ పడింది."

నవ్వు ఆపుకోబోయి దగ్గాడు.

"నవ్వండి ర్యాంకుగారూ, పర్వాలేదు," అంది. అంతలోనే గొంతు తగ్గింది. "ఈ వానాకాలం షాపు నడవకపోతే మూసేసి అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోదామంటున్నాడు నాన్న. ఆయనకి పని చేసే ఓపిక ఉంది. పని తెచ్చేవాళ్ళే లేరు."

మర్నాడు భోజనాల వేళ అతనే షాపుకి వెళ్ళాడు. చిన్న గది. గోడకి పొడుగుల వరసలో గొడుగు కాడలు, డబ్బాల్లో ఊచలు, స్ప్రింగులు. వంగిన ఊచని పెద్దాయన వేళ్ళతోనే తడిమి సరిచేస్తుంటే, కూతురు గొడుగు కదలకుండా పట్టుకుంది. అతను ఫోన్‌తో ఫొటో తీశాడు.

"నన్నొదిలేసి నాన్నని తీయండి," అందామె.

"మీరు కదిలితే గొడుగు కదులుతుందండీ. ఉండండి అలాగే."

కొత్త మాటలు ఇద్దరూ కలిసి రాశారు. 'విరిగిన గొడుగు పారేయకండి. మీ కళ్ళ ముందే బాగుచేసి ఇస్తాం.' పెద్దాయన రెండుసార్లు చదివించుకుని, "బానే ఉంది. ఇదేదో మనిషి మాట్లాడినట్టుంది," అన్నాడు.

వారం తిరక్కుండా ప్రకటన రెయిన్‌కోట్లని దాటి పైకెక్కింది. షాపు ముందు తడిసిన చెప్పుల జతలు పెరిగాయి.

ఆ తర్వాతే ఏమైందో, ప్రకటన మెల్లగా జారడం మొదలుపెట్టింది. వాన తగ్గలేదు, మాటలు మారలేదు. అయినా మళ్ళీ అట్టడుక్కి వచ్చింది. ఒక సాయంత్రం ఆమె వచ్చి అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఈసారి కోపం లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"నాన్న సామాన్లు సర్దుతున్నాడు. చెప్పండి, ఏమైంది?"

"ప్రకటన తెర మీదికి చాలాసార్లు వచ్చింది. నొక్కినవాళ్ళు మాత్రం పెరగలేదు. అందరూ చూసి వదిలేస్తున్నారు, ఇది పనికొచ్చేది కాదు అనుకుంది ప్రోగ్రాం."

"చూసి వదిలేసేంత తీరిక ఎవరికుంది?"

పక్క సీట్లోంచి పెద్దక్క నవ్వింది. ఆమె వీళ్ళ టీమ్ లీడర్, ఆఫీసంతా పెద్దక్క అనే పిలుస్తారు. "ఎవరికేమిటమ్మా! వీడి తెర మీద పొద్దస్తమానం ఆ పేజీయే. మూస్తాడు, తెరుస్తాడు, మళ్ళీ మూస్తాడు. అసలే కొద్దిమంది చూసే చిన్న పేజీ. అందులో సగం చూపులు వీడివే అయి ఉంటాయి!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ప్రకటనలకి లెక్కలు వేసేవాడికి తన చూపు కూడా లెక్కలోకి వస్తుందని తట్టనే లేదు.

"మొదట్లో ర్యాంకు కోసమే తెరిచేవాణ్ణి," అన్నాడు. "తర్వాత... ఫొటో కోసం. నొక్కితే మీ డబ్బులు పోతాయని నొక్కలేదు."

"ఫొటోలో ఉన్నది మా నాన్న."

"పక్కన మీరూ ఉన్నారు."

పెద్దక్క ఉన్నట్టుండి టీ కప్పు పట్టుకుని లేచిపోయింది.

ఆమె తెర మీది ఆ పేజీ మూసేసింది. "నాలుగు వీధుల అవతల షాపు. నడిచి వస్తే ఏ ఖర్చూ లేదు. అక్కడికొచ్చి ఒక్క మాట అనలేక, ఇక్కడ కూర్చుని చూసి చూసి మమ్మల్ని ముంచారు!" అని లేచింది. ఆ రోజు గొడుగు బొత్తాం పెట్టుకోకుండానే వెళ్ళింది. అతను అది గమనించాడు.

ఆ పూటే ఆఫీసు చూపులేవీ లెక్కలోకి రాకుండా ప్రోగ్రాం మార్చి, తను చూసినవన్నీ కొట్టేశాడు. ప్రకటన మళ్ళీ పైకొచ్చింది. తర్వాత ధైర్యం కూడగట్టుకుని, గొడుగు పట్టుకుని షాపుకి వెళ్ళాడు.

జనం ఉన్నారు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. పెద్దాయన అతని గొడుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"దీనికేం కాలేదే బాబూ?"

"ఏమీ కాలేదండీ. ఒక మాట అడగాలని వచ్చాను. మీరొప్పుకుంటే, తనకిష్టమైతే, మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను."

వెనక నిలబడ్డవాళ్ళు మెడలు ముందుకి చాచారు. పెద్దాయన కూతురి వంక చూశాడు. ఆమె డబ్బాలోని ఊచలు తెగ సర్దుతోంది, పొడుగువీ పొట్టివీ కలిపేసి. అలా కలపడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"అమ్మాయ్, మీ అక్కకి ఫోన్ చేసి మనం ఊరు రావట్లేదని చెప్పు," అన్నాడు. "ఆ ఊచలు మళ్ళీ విడదీయి. రేపటికి కావాలి."

తర్వాతివాళ్ళు ముందుకి జరిగారు. అతను గొడుగు చంకలో పెట్టుకుని, అక్కడే నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"మళ్ళీ చూడటమేనా ర్యాంకుగారూ?" అంది తలెత్తకుండానే. "లోపలికి రండి. ఈ పొట్టివి ఏరిపెట్టండి."