నక్క చూసిన చందమామ

అతన్ని ఆ వీధిలో అందరూ గోడల బాబాయ్ అనేవారు. తీసేది అడవి జంతువుల ఫొటోలే అయినా, ఊళ్లో నడిచేటప్పుడు అతని కళ్లు గోడల మీదే ఉండేవి. పెచ్చులూడిన సున్నం, తుప్పు పట్టిన రేకు, చెమ్మ గీసిన చారలు... ఏది కనబడినా కెమెరా తీసేవాడు. ఇంటికొచ్చి, కంప్యూటర్లో జంతువు ఫొటో మీద ఆ గోడ ఫొటోని పలచటి పొరలా పరిచేవాడు. వెలవెలబోయిన ఆకాశానికి ఏదో పాతదనం వచ్చేది. టెక్స్చర్ అంటారు దాన్ని. ఆ పనిలో అతను తప్పని నియమం ఒకటుంది: జంతువు ఒంటి మీద మాత్రం పొరని చెరిపెయ్యాలి. ప్రాణమున్నదాని ముఖాన గోడ పగుళ్లు ఉండకూడదు.

పనిలో అంత నియమం గల మనిషి. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ పట్టు ఉండేది కాదు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. ప్రదర్శనకు ఇవ్వాల్సిన ఫొటో, సాయంత్రం షాపు మూసేలోగా ప్రింటింగుకి వెళ్లాలి. పెద్ద హాల్లో తన బొమ్మ వేలాడాలని జుట్టు నెరిసేదాకా ఎదురుచూశాడు. ఈసారి తప్పితే ఇంక లేదని అతనికి తెలుసు. బొమ్మలో ఒక నక్క. బండ మీద ఒంటరిగా కూర్చుని, తలెత్తి, ఏమీ లేని ఆకాశంలోకి చూస్తోంది. ఏ గోడ పరిచినా అతకలేదు. చివరికి అక్క గదిలో తీసిన గోడ ఫొటో గుర్తొచ్చింది.

అక్క పోయి ఎక్కువ రోజులు కాలేదు. చివరి రోజులన్నీ మంచం మీద గోడకి ఆనుకునే గడిపిందావిడ. తల ఆనినచోట సున్నం మీద గుండ్రంగా నూనె మరక పడింది. ఎప్పుడు వెళ్లినా, "కాసేపు నా పక్కన కూర్చోరా," అనేది. "వెలుతురు పోతోందక్కా, మళ్లీ వస్తా," అనేవాడు గుమ్మంలోంచే. ఆవిడ పోయాక సామాను సర్దడానికి వెళ్లి, ఖాళీ మంచాన్ని పక్కకి జరిపి, ఆ మరకని శ్రద్ధగా ఫొటో తీసుకున్నాడు. ఆవిడ బతికుండగా ఆ గదిలో అంతసేపు ఏనాడూ నిలబడలేదు. మనిషిని చూడాల్సిన కన్నుతో గోడని చూశాడు.

పొర పరిచాడు. మరక సరిగ్గా నక్క చూస్తున్నచోట పడింది. మబ్బు పట్టిన చందమామ! ఒళ్లు పులకరించింది. నక్క మీద పొర చెరిపి, షాపుకి పంపేశాడు.

కాసేపటికి షాపు అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఈసారి ఎవరి కొంప గోడ పట్టుకొచ్చారు?"

"నీకెందుకే? రంగులు బాగా వచ్చాయా?"

"బ్రహ్మాండం. కానీ రెండు చందమామలు పెట్టారేంటి? ఒకటి చాల్లేదా?"

"కళ్లజోడు తుడుచుకో. ఒకటే."

"పక్కపక్కనే ఉన్నాయి బాబాయ్. రెండోది ఇంకా పలచగా..." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఎందుకో దీన్ని చూడబుద్ధి కావట్లేదు. ఇంకోటి పంపండి. షాపు మూయకుండా ఉంటాలే."

అతను తెర వైపు చూశాడు. ఒకటే ఉంది. సరిచూద్దామని గోడ పొరని తీసేశాడు.

చారలు పోయాయి. పగుళ్లు పోయాయి. చందమామ పోలేదు.

అసలు ఫొటో తెరిచాడు. అడవిలో, ఖాళీ ఆకాశం కింద తీసింది. అందులోనూ ఉంది.

గోడ ఫొటో తెరిచాడు. తెల్లటి సున్నం... అంతే. మరక లేదు.

"బాబాయ్, వింటున్నారా? ఈ ఫొటో తీసెయ్యనా?"

'తీసెయ్' అంటే అయిపోయేది. కానీ పెద్ద హాలు కళ్ల ముందు మెదిలింది. అంత అందమైన చందమామ మళ్లీ దొరకదు.

"అలాగే ప్రింట్ చెయ్యి," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక గది మరీ నిశ్శబ్దంగా అయిపోయింది. చూరు నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు కూడా ఆగింది. అప్పుడొచ్చింది వాసన... కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన. అక్క జడ వాసన.

మెల్లగా వెనక్కి తిరిగాడు.

వానలకి ముందే సున్నం వేయించిన గోడ అది. కుర్చీ గది నడుమ ఉంటుంది. ఆ గోడకి ఎవరూ ఆనుకోలేదు. అయినా, కింద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో... గుండ్రటి మరక.

"వెలుతురు పోతోందక్కా..." అలవాటుగా అతని పెదాలు గొణిగాయి.

వాసన దగ్గరైంది.

మరక పక్కనే, ఒక బెత్తెడు పైన, ఇంకొకటి... పలచగా... అతను చూస్తుండగానే తేలుతోంది.

అతను తలకి నూనె రాసుకుని ఏళ్లయింది. చెయ్యి తల వెనక్కి పెట్టుకుని చూశాడు.

జిడ్డుగా, వెచ్చగా తగిలింది.